ఎవరి మనుషులు వారికే

సముద్రం మధ్యలో నూనె తీసే రిగ్గు మీద, ఇనుప మెట్ల దగ్గర జారిపడి ఒకాయన కాలు విరిగింది. అది పొద్దున పదకొండింటికి. పన్నెండున్నర దాటినా ఆయన్ని ఏ బోటు ఎక్కించాలో తేలలేదు.

బోట్లు లేక కాదు. రెండున్నాయి. నీలం బోటు నూనెబావి సొంతదారు కంపెనీది. ఎర్ర బోటు ఆ బావి తవ్విపెట్టే కంపెనీది. రెండింటి ఇంజన్లూ నడుస్తూనే ఉన్నాయి.

"పాదం చల్లబడుతోంది సార్. సాయంత్రంలోగా ఆపరేషన్ జరక్కపోతే కాలు దక్కదు. మూడు దాటితే గాలి లేస్తుందట. ఇక ఏ బోటూ కదలదు," అంది నర్సు.

రెండు కంపెనీల మేనేజర్లూ తలూపారు. తలూపడంలో మాత్రం వాళ్లిద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

చిక్కంతా రెండు కంపెనీల మధ్య ఉన్న మాస్టర్ సర్వీస్ ఒప్పందంతో వచ్చింది. రెండు వందల పన్నెండు పేజీలు. రిగ్గు మీద బల్బు మార్చాలన్నా దాని ప్రకారమే మార్చాలి. అందులో పద్నాలుగో నిబంధన ఏమంటుందంటే, ప్రమాదం జరిగితే తప్పెవరిదని ఎవరూ అడగకూడదు. ఎవరి మనుషుల్ని వాళ్లే మోసుకెళ్లాలి, వాళ్లే చూసుకోవాలి. అవతలి కంపెనీ మనిషిని పొరపాటున చెయ్యి పట్టి లేపినా, ఆ పైన పూచీ మొత్తం లేపినవాడి నెత్తినే.

దాని పుణ్యమా అని రిగ్గు మీద ఇన్నాళ్లూ గొడవల్లేవు. నీలం హెల్మెట్ పడితే నీలం బోటు. ఎర్ర హెల్మెట్ పడితే ఎర్ర బోటు.

ఈయన హెల్మెట్ తెల్లది.

పొద్దున్నే వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. పలకరిస్తే తమ అతిథి అయిపోతాడేమోనని భయం. సందర్శకుల పుస్తకం తీసి చూశారు. పని అన్న చోట 'చూడ్డానికి' అని ఉంది. ఎవరి పిలుపు అన్న చోట 'రెండు కంపెనీలదీ' అని ఉంది. ఆ రెండో ముక్క చూసి ఇద్దరూ నీరుగారిపోయారు.

"మీ బోటులో దిగాడు. మీ మనిషే," అన్నాడు నీలం మేనేజరు.

"ఏ బోటు ఎక్కాడన్నది లెక్కలోకి రాదండీ. పేజీ ఎనభై ఏడు. అయినా పడింది మీ మెట్ల మీదేగా?" అన్నాడు ఎర్ర మేనేజరు.

"ఎక్కడ పడ్డాడన్నదీ లెక్కలోకి రాదు. అదే పేజీ."

"అయ్యా, నేను..." స్ట్రెచర్ మీదాయన నోరు తెరిచాడు.

"మీరు మాట్లాడకండి!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. "మీరేమన్నా రేపు అది సాక్ష్యమైపోతుంది."

నీలం మేనేజరు స్ట్రెచర్ పక్కనే కుర్చీ వేసుకుని ఒప్పందం పైకి చదివాడు. "మనుషులు అనగా ఉద్యోగులు, కూలీలు, ఏదేని ఒక పక్షం పిలుపు మీద వచ్చినవారు..."

"ఆగండాగండి. ఒక పక్షం. ఈయన్ని రెండు పక్షాలూ పిలిచాయి. అంటే ఈయన ఎవరి మనిషీ కాదు!"

"అబ్బ, ఎంత పకడ్బందీగా రాశాడండీ! చీమ దూరే సందు లేదు."

"మహానుభావుడు."

నొప్పితో మెలికలు తిరుగుతున్న ఆయన మొహంలో చిన్న నవ్వు మెరిసింది. మరుక్షణం కాలు వంక చూసుకుని బావురుమన్నాడు. "పద్నాలుగు... సవరణ..." అంటూ గొణిగాడు. జ్వరం తలకెక్కిందనుకుని నర్సు నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

మేనేజర్లు హెడ్డాఫీసులకి రేడియోలో కబురు పెట్టారు. పేరు చెబితే తెలిసినవాడని ఒప్పుకున్నట్టవుతుంది కదా. అందుకని 'మా మనిషి కాని ఒకాయన పడ్డాడు, ఎవరి మనిషో తేల్చండి' అన్నాడు ఒకాయన. రెండో ఆయనా అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాడు. జవాబు వచ్చేలోపు భోంచేశారు, వేరు వేరు బల్లల దగ్గర.

రెండున్నరకి కాలివేళ్లు నల్లబడసాగాయి.

"మీ ఇళ్లల్లో అమ్మానాన్నల్లేరా సార్?" అంది నర్సు.

"ఉన్నారమ్మా. వాళ్లకోసమే ఈ ఉద్యోగం," అన్నాడు నీలం మేనేజరు. పాపం, అతని కళ్లు చెమర్చాయి కూడా. చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికి రాలేదు.

నర్సుకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా వంటగదిలోకి వెళ్లింది. వంటాయన రిగ్గు మీద అందరికన్నా పెద్దవాడు. రేడియో ఆపరేటరు ఆయన అల్లుడే.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ఏదో ఒకటి చెయ్యి."

వంటాయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "కూరగాయల పడవ ఇప్పుడే బయల్దేరుతోంది. అది మీ ఇద్దరిదీ కాదు. కాకపోతే మనుషుల్ని ఎక్కించుకోదు, సరుకే. ఈయన ఎవరి మనిషీ కాదని మీరే తేల్చారుగా? అయితే సరుకు కిందే లెక్క."

మేనేజర్లు గబగబా పేజీలు తిరగేశారు. సరుకుకి ఏ నిబంధనా అడ్డం రాలేదు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

రసీదు వంటాయనే రాశాడు. ఖాళీ బుట్టలు ఇరవై ఆరు. దెబ్బతిన్న సరుకు ఒకటి. ఇద్దరూ పోటీలుపడి సంతకాలు పెట్టారు. క్రేను ఆయన్ని బుట్టల మధ్యకి దించింది. నర్సు ఒడ్డునున్న ఆస్పత్రికి ముందే కబురు చెప్పించింది.

పడవ కనుచూపు దాటాక, అల్లుడు రేడియో గదిలోంచి కాగితంతో పరుగెత్తుకొచ్చాడు. రెండు హెడ్డాఫీసులూ కలిసి పంపిన జవాబది. పుట్టి బుద్ధెరిగి అవి రెండూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. నీలం మేనేజరు పైకి చదివాడు.

"పడినాయన ఎవరి మనిషో మాకూ అంతుబట్టలేదు గానీ, ఆ పద్నాలుగో నిబంధన రాసిన లాయరుగారు మా ఇద్దరి పిలుపు మీద ఈ పొద్దున మీ రిగ్గుకే వచ్చారు, ఆయన్నే అడగండి."