కొంగగారి ఎర్రదారం

మడుగు మధ్యలో ఒక మొద్దు ఉంది. చేపలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. అవతలి గట్టు బడిలో చదువు పూర్తిచేసి, కాలికి ఎర్రదారం కట్టించుకున్న పిట్టలే ఆ మొద్దు ఎక్కాలి. రూలు పెట్టింది కొంగే, ఎక్కి నిలబడిందీ కొంగే.

తల్లి రెక్క విరిగితే తిండి తెచ్చిపెట్టడానికి లకుముకి పిట్ట చదువు మధ్యలోనే మానేసింది. గట్టు మీద బురదలో పురుగులు ఏరుకుంటోంది. ఓ పొద్దున ధైర్యం చేసి అడిగింది.

"కొంగగారూ, నాకూ చేపలు పట్టడం వచ్చు. ఆ మొద్దు మీద కాస్త చోటివ్వండి."

"దారం లేదుగా, కుదరదమ్మా," అంది కొంగ, నోట్లో చేప మింగేసి. "అయినా దారంలో ఏముంది చెప్పు? సుఖం మనసులో ఉండాలి. బురదలోనూ హాయిగా బతకొచ్చు."

"ఆహా, ఎంత బాగా చెప్పారు!" అన్నాయి కప్పలు.

లకుముకి పిట్టకి ఒళ్లు మండిపోయింది.

"దారంలో ఏమీ లేకపోతే తెంపి పారెయ్యండి! దిగి రండి! ఈ బురదలో హాయిగా మీరు బతకండి, ఆ మొద్దు మీద కష్టాలేవో నేను పడతాను!"

కప్పలు బుడుంగున నీళ్లలోకి దూకేశాయి.

కొంగ దారం ఉన్న కాలు మెల్లగా పైకి లాక్కుని, పొట్ట కింద ఈకల్లో దాచుకుని, ఒంటికాలి మీద నిలబడింది.

మొద్దు మాత్రం దిగలేదు.