జనవరిలో రా

కెనడా పడమటి సముద్రం ఒడ్డున విక్టోరియాలో ఉండే మా తమ్ముడు నెస్టర్ నలభై ఏళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలోనూ ఫోన్ చేసి నన్ను ఏడిపిస్తున్నాడు. "ఇక్కడ చెర్రీలు పూశాయి అన్నయ్యా. నువ్వింకా మంచు తవ్వుతున్నావా?"

పోయిన శరత్తులో హఠాత్తుగా అడిగాడు. "మీ సస్కాచెవాన్ రావడానికి ఏ కాలం మంచిది?"

వసంతంలో బురద, వేసవిలో దోమలు, కోతల్లో దుమ్ము అన్నాను. "జనవరిలో రా. అద్భుతంగా ఉంటుంది." చలికాలాన్ని పొగిడిన కవులంతా పొయ్యి పక్కన కూర్చుని రాసినవాళ్ళేనని వాడికి చెప్పలేదు.

మైనస్ ముప్పై ఎనిమిది డిగ్రీల చలిలో, పట్నం బూట్లతో, అద్దె కారులోంచి దిగాడు. "చంపేశావు కదన్నయ్యా! రేపు పొద్దున్నే పోతా."

ఈ చలిలో రాత్రంతా ఇంటి కరెంటుతో ఇంజను వెచ్చగా ఉంచకపోతే కారు కదలదు. వాడు స్నానానికి వెళ్ళగానే బయటి గోడకు పెట్టిన కారు ప్లగ్గు పీకేశాను. ఒక్క పూటతో వదిలెయ్యడానికా నలభై ఏళ్ళు ఆగింది?

మర్నాడు కారు మూలిగి ఊరుకుంది. రోజంతా పేకాడాం. బంగాళాదుంప కూరి నేను చేసిన పిరోహీలు ఇరవై తిన్నాడు. జాలేసి, సాయంత్రం ప్లగ్గు నేనే పెట్టాను.

పొద్దున వాడి కోసం నేనే వెళ్ళి తాళం తిప్పాను. కదల్లేదు. ప్లగ్గు పీకేసి ఉంది. రాత్రి కురిసిన మంచులో గోడదాకా పట్నం బూట్ల జాడలున్నాయి.

లోపల నెస్టర్ అప్పటికే ముక్కలు పంచుతున్నాడు.

"స్టార్టవలేదా? అయ్యో పాపం! ఇంతకీ అన్నయ్యా, ఆ దోమలు ఎప్పుడొస్తాయన్నావు?"