ముందు అడగాల్సిన మాట

ప్రసూన చెయ్యి ఆవు నోటికి జానెడు దూరంలో ఉండగా, వెనకనుంచి ఎవరో భుజం పట్టి లాగేశారు.

ఆమె వెల్లకిలా పడింది. అదీ పేడలో.

చుట్టూ చేరిన రైల్వే కాలనీ జనం కాసేపు నవ్వాపుకున్నారు. తర్వాత ఆపుకోలేకపోయారు.

లాగినవాడు ఓ ముసలాయన. పేరు త్రినాథరావు. రాయగఢ్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో మూటలు మోసి రిటైరయ్యాడు. రెండు నెలల కిందటే బిలాస్‌పూర్ వచ్చి, మేనల్లుడు శివాజీ క్వార్టర్లో ఉంటున్నాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

ప్రసూన పక్క క్వార్టర్ బంగార్రాజు కూతురు. జబల్‌పూర్‌లో పశువైద్యం చదివి ఆ ఏడే పాసయింది. 1991 వేసవి అది. వారం రోజుల్లో భోపాల్‌లో సర్కారు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. లేస్తే పుస్తకం, పడుకుంటే పుస్తకం.

అలాంటప్పుడు వెనక వీధి అచ్చియమ్మ వచ్చింది. ఆవు రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, చొల్లు కారుస్తోంది, గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది అంది. చదివింది చేత్తో చేసి చూసుకోవచ్చని ప్రసూన సంబరంగా వెళ్ళింది.

"నన్నెందుకు లాగారు?" లేచి నిలబడి అడిగింది.

ముసలాయన అచ్చియమ్మ వైపు తిరిగాడు.

"ఈ ఆవుని కుక్కేటైనా కరిసిందా?"

అచ్చియమ్మ కాస్త ఆలోచించింది. నెల కిందట మేతకెళ్ళిన చోట ఓ కుక్క వెంటపడ్డ మాట నిజమేనంది. కాలి మీద చిన్న గాటే కదా అని పసుపద్ది ఊరుకుందట.

అయితే ఎవరూ దీని దగ్గరికి రావద్దని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి ప్రసూన చేతుల వైపు చూశాడు.

సాయంత్రం బంగార్రాజు రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి వచ్చి కూతురి ఏడుపు చూశాడు. నేరుగా శివాజీ గుమ్మంలోకి వెళ్ళి, డాక్టరు చదివిన పిల్లని మూటలు మోసినవాడు పేడలోకి లాగుతాడా అని నిలదీశాడు. త్రినాథరావు తల వంచుకుని విన్నాడట. తప్పయిపోయిందన్నాడట.

నాలుగో రోజు ఆవు చచ్చిపోయింది. పోయేదాకా బొంగురు గొంతుతో అరుస్తూనే ఉంది.

ఆ అరుపు చెవుల్లో ఉండగానే ప్రసూన పుస్తకం తెరిచింది. చొల్లు. మింగలేకపోవడం. మారిన గొంతు. పిచ్చికుక్క కాటు. అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. ఆ పేజీ ఆమెకు కంఠతా వచ్చు కూడా.

వెళ్ళి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. కానీ నవ్విన మొహాలన్నీ కళ్ళముందు కదిలాయి. ఇంటర్వ్యూ అయ్యాక వెళ్దాంలే అనుకుంది.

మర్నాడు పొద్దున ఆయనే వచ్చాడు. కంచె అవతలే నిలబడ్డాడు. చొల్లు తుంపర పడిన చేతి మీద గీతలేమైనా ఉన్నాయేమో చూసుకోమన్నాడు. ఉంటే పెద్దాసుపత్రికి వెళ్ళి బొడ్డు చుట్టూ సూదులు వేయించుకోమన్నాడు.

"నాకు తెలుసు," అంది ప్రసూన పుస్తకంలోంచి తలెత్తకుండా.

"తెల్దని కాదు తల్లీ. మూగజీవం బాధ సూస్తే సదూకున్నోళ్ళకి సెయ్యి ఆగదు. ముందు అడుగు. తరవాతే సెయ్యెట్టు."

"అచ్ఛా, అలాగే. నేను చదువుకోవాలి."

ఆయన ఇంకేదో చెప్పబోయి, ఆగి, వెళ్ళిపోయాడు.

భోపాల్‌లో నలుగురు పెద్దమనుషులు అరగంట ప్రశ్నలడిగారు. చివరికి ఒకాయన, ఇప్పటిదాకా నువ్వు చేసిన పెద్ద తప్పేమిటని అడిగాడు. అలాంటి ప్రశ్నకి తయారుచేసుకున్న జవాబొకటి ఉంది. అది నోటికి రాలేదు. అచ్చియమ్మ ఆవు సంగతి చెప్పింది. తను పేడలో పడ్డదీ చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమె ముసలాయన కోసం దూద్‌పేడాల మిఠాయి పెట్టె కొనుక్కుని బిలాస్‌పూర్ తిరిగొచ్చేసరికి శివాజీ క్వార్టర్‌కి తాళం వేసి ఉంది. ముసలాయనకి గుండెలో నొప్పి వచ్చిందని, సొంతూరు చూడాలని అడిగితే శివాజీ శ్రీకాకుళం వైపు తీసుకెళ్ళాడని బంగార్రాజు చెప్పాడు. పేడాలు ఇంట్లోవాళ్ళే తినేశారు.

నెల దాటాక ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఆ వారమే శివాజీ కూడా తిరిగొచ్చాడు.

ప్రసూన మళ్ళీ మిఠాయి కొని, ఆర్డరు చేతపట్టుకుని పరుగున వెళ్ళింది. శివాజీ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి.

మిఠాయి పొట్లం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"కర్మ మీరు చేశారేం అన్నయ్యా? ఆయనకి పిల్లల్లేరా?" అని అడిగింది.

శివాజీ ఆమె చేతిలో కాగితం తీసుకున్నాడు. బిలాస్‌పూర్ దగ్గర బిల్హా అవతల ఏ పల్లె పశువుల ఆసుపత్రికి వేశారో చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"ఇంటర్వ్యూకెళ్ళే పిల్ల, బెదిరిపోద్ది, సెప్పకురా అన్నాడు మావయ్య," అన్నాడు. "ఒక్కడే కొడుకు, సూర్యం. ఆవు గొంతులో ఏటో అడ్డుపడిందని సెయ్యెట్టి, పోయినేడు పోయాడు."

శివాజీ కళ్ళు తుడుచుకున్నాడు.

"నీకు ముందు ఆ కాయితంలో ఊరికి డాక్టరు ఆడేనమ్మా."