ఎర్రగుడ్డలో బాకా

చింతపండు పెట్టి రుద్దుతుంటే బాకా మీద అక్షరాలు తేలాయి. శివశంకర్ చదివాడు. కళ్లు నులుముకుని మళ్లీ చదివాడు. లండన్ అని ఉండాల్సిన చోట మీరట్ అని ఉంది.

"అమ్మా! ఇది బాపుది కాదే!"

నీళ్లు పోస్తున్న రుక్కమ్మ చెంబు కింద పెట్టేసింది.

శంషాబాద్ చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో శివశంకర్ తండ్రి బాలమల్లు బాకా ఊదాడంటే జనం పెళ్లికొడుకును వదిలేసి ఈయన్ని చూసేవాళ్లు. ఆయన మేళంలో ఒక పద్ధతి ఉంది. వాయించే మనిషి పోతే అతని వాద్యం కూడా అతనితోనే మట్టిలోకి పోవాలి. ఇంకొకడి నోటికి తగలకూడదు. ఇక్కడ విమానాలు దిగడం మొదలైన ఏడాదే బాలమల్లు పోయాడు. లండన్‌లో తయారైన ఆయన బాకాను ఎర్రగుడ్డలో చుట్టి పక్కనే పెట్టారు.

ఇప్పుడేమో రోడ్డు వెడల్పు చేస్తూ బొందలగడ్డలో ఓ మూల తీసుకుంటున్నారు. ఎవరి పెద్దలను వాళ్లు వేరే చోటికి మార్చుకోవాలి. అలా బాకా బయటికొచ్చింది. వచ్చిందనుకున్నారు, పాపం!

మరి అసలు బాకాను చివరిసారి పట్టుకున్నదెవరు? ఇంకెవరు, అనంతయ్య.

అనంతయ్య బాలమల్లుకు ప్రాణస్నేహితుడు. వాద్యాలకు సొట్టలు తీయడం, టంకం పెట్టడం ఆయన పని. డీజేలొచ్చి మేళాలు ఒక్కొక్కటీ మూతపడ్డాక మహేశ్వరం, రావిర్యాల, మైలార్‌దేవ్‌పల్లి తిరిగి, అటకల మీద నల్లబడిపోయిన ఇత్తడి వాద్యాలు వెతికి తెచ్చుకునేవాడు. బాగు చేసి దుకాణం గోడకు తగిలించేవాడు. విమానం దిగి వెళ్లేవాళ్లు కారాపి మరీ ఫొటోలు తీసుకునేవారు.

బాలమల్లు పోయిన రోజు "ఆఖరుసారి మెరుగు పెట్టి తెస్త" అని బాకా పట్టుకెళ్లింది ఆయనే. గుడ్డలో చుట్టి తెచ్చిందీ ఆయనే. ఒక్కసారి చూద్దామని శివశంకర్ ముడి మీద చెయ్యి వేస్తే రుక్కమ్మ గుండెలు బాదుకుంది. "ఇప్పకు బిడ్డా, దాన్ని జూస్తే నా పానం నిలువది." ఆ ఏడుపు విన్నాక ఇంకెవరు విప్పుతారు!

శివశంకర్ మేళం పెద్ద రామచంద్రయ్యను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. వద్దన్నా వినకుండా రుక్కమ్మ కూడా వచ్చింది.

అనంతయ్య ఏదో గొట్టాన్ని మంట మీద వేడి చేస్తున్నాడు. శివశంకర్ గోడకున్న బాకాలన్నీ చూశాడు. తిన్నగా వెళ్లి బీరువా తెరిచాడు. పై అరలో, మెత్తటి గుడ్డ మీద, నిన్ననే మెరుగు పెట్టినట్టుంది బాకా. మూతి దగ్గర రాగిపైసా అతుకు. చిన్నప్పుడు తను కింద పడేసి చిల్లి చేస్తే తండ్రి ఒక్క దెబ్బా వేయకుండా అనంతయ్యతో వేయించిన అతుకది. ఇంక అక్షరాలు చదవాల్సిన పని లేదు.

"ఇదేంది మామా?"

అనంతయ్య మంట ఆర్పి తల దించుకున్నాడు.

"బాపు పోయినంక నువ్వే దిక్కనుకున్న గదా!" అన్నాడు శివశంకర్. "మా అమ్మ అంగడికొచ్చినప్పుడల్ల అన్నా అనుకుంట నీ దగ్గర కూసుండి చాయ్ తాగిపోయేది. నువ్వు ఏదో ఒక బాకా తీసి ఊదితే బాపు యాదికొచ్చి కండ్లనీళ్లు పెట్టుకునేది. ఆమె ముంగట్నే మా బాపుది దాసిపెట్టి, ఆ చాయ్ ఎట్ల మింగుడు పడ్డది నీకు? పీనుగు దగ్గర దొంగతనం జేస్తవా?"

శివశంకర్ చెయ్యి ఎత్తబోయి దించేశాడు. పరాయివాడైతే కొట్టేవాడు. మామ అని పిలిచిన నోటితో తిట్లు కూడా సరిగ్గా రాలేదు.

రామచంద్రయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇగ మేళపోళ్లెవ్వరం నీ గడప తొక్కం అనంతయ్యా. అన్ని ఊళ్లకు చెప్త. నీ చేతికి సామానెవడిస్తడో నేను గూడ జూస్త."

జీవితమంతా చేసిన పని ఆ ఒక్క మాటతో పోయింది. అప్పుడు తలెత్తాడు అనంతయ్య.

"చెల్లె, నువ్వైన ఒక మాట చెప్పు."

సిగ్గన్నా ఉండాలి మనిషికి! బతిమాలుకోవడానికి ఆ ముండమోసినామే దొరికిందా అనుకున్నారు అక్కడ చేరినవాళ్లంతా.

రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు వైపు చూసింది. రామచంద్రయ్య వైపు చూసింది. వంగి గుప్పెడు మట్టి తీసి అనంతయ్య ముఖాన కొట్టింది.

"నన్నేం చెప్పుమంటవ్? నీ చేతులు పడిపోను! సొంత అన్న కన్న ఎక్కువ నమ్మితి గదా నిన్ను!"

సందు చివరిదాకా వినిపించింది ఆ గొంతు. పోలీసుల దగ్గరికి పోదామన్నాడు శివశంకర్.

"ఠాణ గీణ ఏమొద్దు. దేవుడే జూసుకుంటడు. ఇంటికి పోదాం పా బిడ్డా."

అనంతయ్య ముఖం మీది మట్టి తుడుచుకోలేదు. బాకా మూతిని మాత్రం పంచెతో ఒకసారి తుడిచి శివశంకర్ చేతిలో పెట్టాడు.

"రేపు కొత్త బొందల బాపు పక్కన పెడ్త," అన్నాడు శివశంకర్. "ఈసారి గుడ్డ లేదు, ఏం లేదు. అందరు జూడంగ పెడ్త."

ఆ మాటకు రుక్కమ్మ అడుగు ఆగింది. మళ్లీ కొడుకు వెంట నడిచింది. అనంతయ్య ఆమె వెళ్లిన దిక్కే చూస్తూ నిలబడ్డాడు.

ఆనాడు బాలమల్లు శవం ఇంకా వాకిట్లో ఉండగానే, మెరుగు పెట్టడానికి బాకా తీసుకెళుతున్న అనంతయ్యను దొడ్లో ఆపి, "అన్నా, మనిషిని మట్టికిస్త గని ఆయన పాట ఇయ్యలేను, గుడ్డల వేరేది చుట్టు, ఇది నీ దగ్గర దాసి నేనొచ్చినప్పుడు జర ఊది వినిపియ్యి, నా మీద ఒట్టు, ఎవ్వలకు చెప్పకు" అని కాళ్లు పట్టుకున్నది రుక్కమ్మే.