ఎడమ కంటి చుక్కలు

ఒక కన్ను పరీక్ష చేసి రెండు కళ్ళకూ బిల్లు పెట్టడం గంగాధర సొంతంగా కనిపెట్టిన విద్య. హిందూపురంలో కంటి ఆసుపత్రి పెట్టింది ఆయనే గానీ ఆయన డాక్టర్ కాదు. వారానికోసారి వచ్చే డాక్టర్ ఫోటోలు చూసి జబ్బు పేరు రాసి పోతాడు. బిల్లుల సంగతి గంగాధర చూసుకుంటాడు.

పని సులభమే. వయసు మళ్ళినవాళ్ళకు కంటి లోపలి పొర మీద పసుపు చుక్కలు పేరుకుంటాయి. డాక్టర్లు వాటిని డ్రూసెన్ అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం జబ్బు పేరు బదులు ఒక కోడ్ పంపాలి. చివరి అంకె ఒకటైతే కుడి కన్ను, రెండైతే ఎడమ కన్ను, మూడైతే రెండు కళ్ళూ. గంగాధర ఒకటిని మూడు చేసేవాడు. కుడి కంటి ఫోటోనే కంప్యూటర్లో అద్దంలో బొమ్మలా తిప్పి, ఇదిగో ఎడమ కన్ను అని జతచేసేవాడు.

ఈసారి ఆ అదృష్టం కనగానపల్లి రైతు తిప్పేస్వామికి పట్టింది. ధర్మవరంలో పెట్టిన కంటి శిబిరానికి వచ్చాడాయన. ఆసుపత్రిలో కోడ్లు పెట్టే నవీన ఆయన కాగితాలు చూసి ఒకటి అని పెట్టింది.

"మూడు చెయ్ పాపా," అన్నాడు గంగాధర.

"ఆయన ఎడమ కన్ను ఎవరూ చూడనే లేదు సార్. ఆ పక్క జోలికి రావద్దని ఆయనే చెప్పినాడంట. కుడి కంటికే ఫోటో తీసినారు."

"దేవుడు రెండు కండ్లిచ్చినాడు. ఒక దాంట్లో వచ్చిన చుక్కలు ఇంకోదాంట్లో రాకుండా పోతాయా? రేపు వచ్చేవి మనం ఈ పొద్దే రాస్తాండాం, అంతే."

"కోడ్ కింద నా పేరుంటాది సార్. రేపు ఏమన్నా అయితే నన్నే పట్టుకుంటారు. నేను పెట్టను."

అన్నట్టే పెట్టలేదు. కానీ గంగాధరకు ఆమె పాస్‌వర్డ్ తెలుసు. ఆమె ఇంటికి వెళ్ళాక ఒకటి తీసేసి తనే మూడు పెట్టాడు.

నెల తిరక్కముందే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. విచారణకు సుధారాణి అనే అధికారి వస్తారట. రోగిని కూడా పిలిపించాలట. దొంగ కోడ్ అని తేలితే పెట్టినవాళ్ళ మీద కేసు తప్పదట. కోడ్ కింద ఉన్నది నవీన పేరు. ఇల్లు గడిచేదే ఆమె జీతం మీద. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. గంగాధర మాత్రం బిర్యానీ తెప్పించుకున్నాడు.

విచారణ రోజున ఆయనే కారు వేసుకుని కనగానపల్లికి పోయి తిప్పేస్వామిని ఎక్కించుకొచ్చాడు. రోగుల మీద ఆయనకు అంత ప్రేమ పుట్టడం అదే మొదలు. పెనుకొండలో హోటల్ ముందు ఆపి, దోసె తినిపిస్తూ పాఠం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, మేడమ్ అడిగితే ఎడమ కన్ను గుడక మసకగా ఉండాదని చెప్పల్ల."

"మసకేంది సార్? అస్సలు కనపడదు!"

గంగాధర మురిసిపోయాడు. తను మసక అడిగితే ఈయన ఏకంగా చీకటే ఇస్తున్నాడు.

"ఎప్పట్నుంచి అని అడిగితే?"

"శానా ఏండ్లాయ. నా పెండ్లికి ముందునుంచే."

ఇంతలో హోటల్ మనిషి కాఫీ తెచ్చి ఎడమ పక్కన పెట్టాడు. తిప్పేస్వామి మోచేయి తగిలి అది కాస్తా ఒలికిపోయింది.

"ఈ పక్కన పెడితే నాకెట్ల తెలుస్తాదప్పా?" అని కసిరాడు పెద్దాయన.

అప్పుడే వేషంలోకి దిగిపోయాడే అనుకున్నాడు గంగాధర. ఊళ్ళో నాటకాలాడినవాడే అయ్యుండాలి. సంతోషం పట్టలేక ఇంకో కాఫీ చెప్పాడు.

హిందూపురం చేరేసరికి సుధారాణి వచ్చి కూర్చుని ఉంది. ఫోటోలు రెండూ ముందుంచుకుని నవీనను పిలిచింది.

"కోడ్ కింద మీ పేరుంది. మూడు పెట్టింది మీరేనా?"

గంగాధర నవీన వైపు గుడ్లురిమి చూశాడు. నవీన ఆయన వైపు తిరగకుండా సుధారాణికే చెప్పింది.

"నేను పెట్టింది ఒకటి మేడమ్. మూడు నేను పెట్టలేదు."

గంగాధర పెద్దగా నవ్వేశాడు. "చిన్నపిల్ల, బెదురుకుండాది మేడమ్. మూడే కరెక్టు. ఫోటో నా ఎదురుగానే తీసినారు. ఎడమ కంట్లో చుక్కలు నా ఈ రెండు కండ్లతో చూసినా."

"మీరే చూశారా? ఇది ఈయన ఎడమ కన్నేనా?"

"ఒట్టు మేడమ్! కావాలంటే పెద్దాయన్నే అడగండి."

సుధారాణి అడిగింది. ఆమె తన ఎడమ పక్కన ఉండటంతో తిప్పేస్వామి మెడ పూర్తిగా తిప్పి చూశాడు. ఏం నటన, అనుకున్నాడు గంగాధర.

"అబద్ధమెందుకు తల్లీ, ఈ కన్ను కనపడని మాట నిజమే," అన్నాడు తిప్పేస్వామి. "చుక్కల సంగతే నాకు తెలీదు."

అంటూనే తల వంచి, ఎడమ కంటి కింద వేలుపెట్టి నొక్కాడు. అరచేతిలో పడినదాన్ని టవల్‌తో శుభ్రంగా తుడిచి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. అది గంగాధర వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఈ గాజు కన్ను బెంగుళూరులో కొన్నప్పుడు ఒక్క చుక్క గుడక లేదు తల్లీ. ఇప్పుడేమన్నా వచ్చినాయేమో, మీరే చూడండి."