మేడమీద వారి చేట

జలజాక్షి మేడ మెట్ల పక్కన వంగి కొళాయి వాల్వు కట్టేస్తోంది.

మైసూరు అగ్రహారంలోని ఆవిడ వఠారంలో ఆరిళ్ళకూ కలిపి ఒక్కటే కొళాయి. కార్పొరేషన్ వాళ్ళు నీళ్ళు ఆపేదాకా ఆవిడ ఎన్నడూ ఆగలేదు.

“ఇంకొక్క బిందె పట్టుకోనివ్వండమ్మా,” అంది సాకమ్మ. వెనక గదిలో ఒంటరిగా అద్దెకుండే ముసలావిడ, వఠారానికంతటికీ ‘అజ్జి’, అంటే అవ్వ. పూవత్తులు చేసి అమ్ముకుంటుంది.

“ఒంటి ప్రాణానికి ఎన్ని బిందెలు? గదిలో ఏనుగును గానీ కట్టేసుకున్నావా?”

“నాకు కాదమ్మా. వినోదకి. పసిపిల్ల గుడ్డలు నానబెట్టుకుని కూర్చుంది.”

“వినోదకి నోరు లేదా? ఆవిడకి నువ్వు ప్లీడరువా?”

సాకమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని, వినోద ఇంటి ముందు ఆగి ఏదో చెప్పింది. లోపల్నుంచి నవ్వు వినపడింది.

తన మీదే ఏవో చాడీలు అనుకుంది జలజాక్షి.

పైన పేపరు చదువుతున్న ఆమె భర్త నంజుండయ్య తల ఎత్తాడు.

“కాస్త చూసీ చూడనట్టు పోరాదూ? వీధి చివర కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. అద్దెకున్నవాళ్ళంతా అక్కడికి పోతే?”

“ఒక్కరిని పొమ్మనండి చూద్దాం. వీధి వీధంతా టులెట్ బోర్డులు. మన గేటుకి ఎప్పుడైనా కట్టామా ఆ అట్టముక్క? చనువిస్తే చంకెక్కుతారు. భయమున్న చోటే భక్తి.”

నంజుండయ్య పేపరులోకి వెళ్ళిపోయాడు. భయం సంగతి ఆయనకు కొత్త కాదు.

ఆవిడ మాటకు సాక్ష్యమూ ఉంది. ఏటా గౌరి పండగనాడు ఆరిళ్ళ ఆడవాళ్ళూ మేడెక్కి ఆవిడ కాళ్ళకు మొక్కేవాళ్ళు.

“మీరుండగా మాకు పుట్టింటి లోటు లేదమ్మా,” అనేవాళ్ళు.

ఆవిడ ఆ మాటను పూలదండలా వేసుకుని, వాళ్ళ చేతిలో తలొక వక్కా ఆకూ పెట్టి పంపేది. ఆకు వాడినదే.

ఆవిడ కంట్లో నలుసల్లా సాకమ్మే. పండగ పూట పొద్దున్నే చెంగు కింద ఏదో దాచుకుని ఇంటింటి గడప దగ్గరా వంగుతుంది. మేడ మీదనుంచి జలజాక్షి చాలాసార్లు చూసింది.

“అడుక్కు తినే బుద్ధి ఎక్కడికి పోతుంది?” అనుకునేది.

ఈ శ్రావణంలో ముందు వాటా బ్యాంకాయన స్కూటరుకు చోటు కావాలన్నాడు. జలజాక్షి వెనక గది ముందుకెళ్ళి నిలబడింది.

“గది ఖాళీ చెయ్యి.”

“గౌరి పండగ దాటనివ్వండమ్మా. చిన్న పనుంది.”

“నీకేం పండగ? అది పసుపూ కుంకుమా ఉన్నవాళ్ళది.”

సాకమ్మ ట్రంకుపెట్టె సర్దుకుంది. పోతూ పోతూ కొత్త చేటల కట్ట ఒకటి తెచ్చి మేడ మెట్టు మీద పెట్టింది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.

“ఇవి మీవేనమ్మా,” అంది.

“మా ఇంట్లో చేటలకు కరువొచ్చిందా? అమ్ముడుపోని సరుకంతా నా నెత్తిన పడేస్తావేం?”

సాకమ్మ నవ్వి గేటు దాటింది. ఏ ఊరని ఎవరూ అడగలేదు.

గౌరి పండగ వచ్చింది. ఆ పొద్దున మేడెక్కి ఎవరూ రాలేదు.

జలజాక్షి నీళ్ళ కాగు కింద మంట ఎగదోస్తోంది. సాకమ్మ పెట్టిపోయిన వెదురు చేటలు చిటపటమని బాగా అంటుకుంటున్నాయి. ఒకటి మిగిలింది.

అప్పుడు వినోద వచ్చింది, చంకలో పిల్లతో. మొక్కలేదు.

“దసరాకి ఇల్లు ఖాళీ చేస్తున్నామమ్మా. పక్క వాటా టైలరన్న వాళ్ళూ వేరే ఇల్లు చూసుకుంటున్నారు.”

జలజాక్షి ఊదుగొట్టం కింద పెట్టింది.

“నీళ్ళ గురించా? సరే, రేపట్నుంచి ఇంకాసేపు వదుల్తాలే.”

“నీళ్ళకేముంది, ఎప్పుడూ ఉన్న కరువే. ఈ ఏడు మాకు చేట రాలేదు.”

“ఏం చేట?”

“పెట్టింది చెప్పుకోవడం మీకు గిట్టదని తెలుసమ్మా. సాకమ్మజ్జి ముందే చెప్పేది, ఆవిడ దగ్గర ఈ మాటెత్తకండి అని.”

“ఏం చేటే?”

“పుట్టింటివాళ్ళు ఆడపిల్లలకి పెట్టినట్టు, ఏటా మీరు పంపే గౌరి చేట. గాజులు, రవికగుడ్డ, కొబ్బరికాయ. అజ్జి మా గడప మీద పెట్టి, ముత్తైదువకి తన చేత్తో అందించకూడదని దూరంగా నిలబడి, ‘మేడమీద వారు పంపారు, పుట్టింటి చేట తీసుకో తల్లీ’ అనేది.”

నంజుండయ్య పేపరు దించాడు.

“మీరెంత కసిరినా పుట్టింట్లో పెద్దావిడ కసిరినట్టే అనుకున్నాం. కన్నవాళ్ళు చేట ఆపేశారంటే ఇక ఆ గడప తొక్కొద్దనేగా అర్థం?”

“మనమెప్పుడు పంపామే?” అన్నాడు నంజుండయ్య, ఉండబట్టలేక.

జలజాక్షి కాలితో మెల్లగా, మిగిలిన చేటను పొయ్యి వెనక్కి నెట్టబోయింది.

వినోద చూపు ఆ కాలి మీద పడింది. తర్వాత చేట మూలల్లో పసుపు మీద. తర్వాత పొయ్యిలో ఎర్రగా వంకర్లు తిరుగుతున్న వెదురు మీద.

పిల్లను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుని, ముందుకు వంగి, ఆ ఒక్క చేటనూ తీసుకుని బూడిద దులిపింది. కన్నతల్లి చేతినుంచి అందుకున్నట్టు దాని మీద చెంగు కప్పుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.