ఖర్జూరపు నీడ

వ్యాపారం మొదలుపెట్టినప్పుడు గిరిధర్ చేతిలో ఉన్నవి రెండు పాత టీవీలు, రెండు వీడియోగేమ్ పెట్టెలు, మచిలీపట్నం కోనేరు సెంటర్ వెనక సందులో అద్దెకు తీసుకున్న ఒక గది.

అన్న దుర్గాశ్రీనివాస్ గల్ఫ్‌లో పోయాక వచ్చిన సొమ్ముతో కొన్నవి అవి.

తోటపని అని వెళ్ళిన అన్న, ఎండదెబ్బ అన్న మాటతో పెట్టెలో తిరిగొచ్చాడు. అంతకుమించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఆఖర్న వాడి నోట్లో ఎవరైనా ఇన్ని నీళ్ళు పోశారంటావా?" అన్నం కలుపుతూ తల్లి సీతమ్మ అడిగేది.

గిరిధర్ కంచంలోకి చూసేవాడు.

పాత సరుకుతో పాటు ఒక గోల్ఫ్ ఆట డిస్కు కూడా అంటగట్టారు. ప్రపంచంలో నిజంగా ఉన్న మైదానాలనే అందులో దించారట. బందరులో గోల్ఫ్ ఎవడికి కావాలి? అరలో దుమ్ముపట్టింది.

ఎండాకాలంలో ఒకాయన వచ్చాడు. బక్కమనిషి, మాసిన చొక్కా.

"గిరిధర్ గారంటే మీరేనాండీ? నా పేరు శామ్యూల్ రాజ్. మాది బంటుమిల్లి."

"ఏ ఆట కావాలండీ?"

ఆయన ఏదో చెప్పబోయాడు. అరలో ఆ డిస్కు అట్ట కనిపించి ఆగిపోయాడు.

"అది పెట్టండి."

ఎడారి మధ్య పచ్చటి మైదానం ఎంచుకున్నాడు. బంతిని గుంటలో వేసే ధ్యాసే లేదు. కొట్టుకుంటూ ఒక ఖర్జూరపు చెట్టు దాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

"గిరిధర్ గారూ, ఒక్కసారి ఇటు రండి. మీకు చూపించాలి."

"మీరు ఆడుకోండి. నాకు బేరాలున్నాయి."

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. అదే చెట్టు, అదే పిలుపు.

వెనక నిలబడ్డ కుర్రాళ్ళు నవ్వారు.

"తాతా, చెట్టెక్కి కాయలు కోస్తావా ఏంటి?"

"బావా, మాకు క్రికెట్ పెడతావా, పక్క షాపుకి వెళ్ళమంటావా?"

పక్క షాపు మాట గిరిధర్‌కు గుచ్చుకుంది.

"ఆడితే ఆడండి, లేకపోతే లేవండి," అన్నాడు ఆయనతో.

ఆయన లేచాడు. మొహం పాలిపోయి ఉంది.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

"ఎదురు కొట్లో బాటిల్ దొరుకుతుందండీ."

ఆయన మళ్ళీ రాలేదు.

వానలు పడ్డాక ఒకావిడ వచ్చింది.

"నా పేరు హెప్సిబా, బాబూ. మా ఆయన శామ్యూల్ రాజ్. ఇక్కడేదో చెట్టు చూసేవారంట. ఒకసారి చూపిస్తారా?"

"ఆయన రాలేదేమండీ?"

"మొన్న ఆదివారం భూస్థాపన చేశామండీ. గుండెజబ్బు."

గిరిధర్ డిస్కు పెట్టాడు. ఆ చెట్టు దాకా బంతిని ఎలా తీసుకెళ్ళాలో తనకు తెలియలేదు. ఇసుకలో పడేసి, మళ్ళీ మళ్ళీ కొట్టి, చివరికి చేరాడు.

హెప్సిబా తెరమీద వేలు ఆనించింది.

"ఇదేనన్నమాట. గల్ఫ్‌లో మీ అన్నయ్యా, ఈయనా ఈ మైదానంలోనే గడ్డి కోసేవారంట. మీ అన్నయ్య ఈ నీడలోనే పోయారంట. ఉత్త నోటితో చెప్పలేను, చోటు చూపించి చెప్తాననేవారు ఈయన."

గిరిధర్ తల్లి ప్రశ్నే అడిగాడు. "ఈయనే పోశారంట," అని ఆవిడ తలూపింది.

అంతా లెక్క చూసుకుంటే గిరిధర్‌కు దక్కింది, తల్లికి చెప్పుకోవడానికి ఒకే ఒక్క జవాబు: అన్న నోట్లో ఆఖరి గుక్క పోసింది, తను మంచినీళ్ళైనా ఇవ్వకుండా కుర్చీలోంచి లేపేసిన మనిషి.